రంగుల గుణం ఎరిగిన పేష్ ఇమామ్: ఉస్కుదార్ నజ్ముద్దీన్ ఒక్యాయ్

పెళ్లికో, కొత్తింటికో బహుమతి ఇవ్వాలంటే ఇప్పుడు చాలామంది రెజిన్ ఫ్రేముల కోసం వెతుకుతున్నారు. నీలం, తెలుపు, బంగారు రంగులు కలిసీ కలవనట్టు పారిన పలక, దాని మీద ఆయతుల్ కుర్సీ. ఇంట్లో కూర్చునే ఈ పని చేసి నాలుగు డబ్బులు సంపాదించుకునే ఆడపిల్లలు మన బస్తీల్లోనూ ఉన్నారు. ఎపాక్సీ డబ్బా కొనడం తేలికే. చిక్కంతా రంగు దగ్గరే. నీళ్ల రంగు కలిపితే ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు. బరువైన పొడి అడుగుకు దిగిపోతుంది. కొన్ని సిరాలు కిటికీ ఎండకే వెలిసిపోతాయి. మోతాదు మించితే పలక జిగటగానే మిగిలిపోతుంది. పెట్టిన డబ్బు, పడిన శ్రమ రెండూ బూడిదలో పోసినట్టే.

ఏ రంగు తేలుతుంది, ఏది మునుగుతుంది, ఏది పక్క రంగులో కలిసి పాడవుతుంది, ఏది ఏళ్ల తరబడి నిలుస్తుంది? ఎపాక్సీ పుట్టకముందు నుంచీ ఉన్న ప్రశ్నలివి. ఇస్తాంబుల్‌లో ఒక పేష్ ఇమామ్ వీటి వెంట తన జీవితంలో చాలా భాగం నడిచారు. టర్కీవాళ్లు ఆయన్ను నెజ్మెద్దీన్ ఒక్యాయ్ అంటారు. మన నోటికి నజ్ముద్దీన్. ఆ ప్రశ్నలను ఆయన పట్టించుకోకపోయి ఉంటే, ఎబ్రూ అనే కాగితపు కళ ఈ రోజు మ్యూజియం అద్దాల వెనుక మాత్రమే మిగిలేదేమో.

ఎబ్రూ అన్న మాట మనకు కొత్తగా వినిపించినా దాని మూలం కొత్తది కాదు. ఫార్సీలో అబ్ర్ అంటే మేఘం, ఉర్దూ చదివినవాళ్లకు తెలిసిందే. మబ్బుల్లా రంగులు పరుచుకున్న కాగితాన్ని అబ్రీ అన్నారు. ఆ అబ్రీయే టర్కీలో ఎబ్రూ అయింది. మన దక్కన్‌కూ ఈ పని తెలుసు. 17వ శతాబ్దంలో బీజాపూర్ సుల్తానుల కాలపు చిత్రకారులు గుర్రాలను, ఫకీర్లను అబ్రీతోనే గీశారు. అలాంటి బొమ్మలు కొన్ని ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. దక్కన్‌లో ఆ పని తర్వాత ఆగిపోయింది. ఇస్తాంబుల్‌లో ఆగలేదు. కాకపోతే ఆగేదాకా వచ్చింది.

నజ్ముద్దీన్ 1883లో ఉస్కుదార్‌లో పుట్టారు. బాస్ఫరస్ జలసంధికి ఇవతల, ఆసియా వైపు ఉన్న పాత బస్తీ అది. తండ్రి మహ్మద్ అబ్దున్నబీ ఎఫెండీ షరీయత్ కోర్టులో కాతిబు, యెనీ వాలిదే మసీదులో ఇమామ్. పిల్లవాడు చిన్నతనంలోనే హాఫిజ్ అయ్యాడు. చేతిరాత బాగుందని గమనించిన పెద్దలు ఖత్ నేర్చుకోమన్నారు. ఇక అక్కడి నుంచి ఆయన నేర్చుకోవడం ఆపిందే లేదు. తాలీఖ్ రాతకు సామీ ఎఫెండీ, సులుస్, నస్ఖ్‌లకు ఆరిఫ్ ఎఫెండీ. ఇద్దరూ ఆ కాలపు పేరుపడ్డ ఉస్తాదులు. ఇద్దరి దగ్గరా ఇజాజత్ తీసుకున్నారు.

రాత నేర్చినవాడికి సిరా కావాలి, కాగితం కావాలి. దుకాణంలో దొరికేదాంతో సరిపెట్టుకునే స్వభావం కాదు ఆయనది. దీపపు మసితో సిరా తానే చేసుకున్నారు. గుడ్డు తెల్లసొనతో కాగితానికి పూత పట్టించి, నునుపు రాయితో రుద్ది, కలం జారేలా చేసుకోవడం నేర్చారు. పుస్తకాల జిల్దు పని నేర్చారు. బాణం వేయడం నేర్చారు. గులాబీలు పెంచారు, అదీ పది ఇరవై రకాలు కాదు, సుమారు 400 రకాలు! అందుకే ఆయన్ను హెజార్‌ఫెన్ అన్నారు. హజార్ ఫన్, అంటే వెయ్యి విద్యలవాడు.

ఆ బిరుదు ఆయనకంటే ముందు ఆయన ఉస్తాద్‌ది. ఉస్కుదార్‌లోని సుల్తాన్‌తెపె గుట్ట మీద ఉజ్బెకుల ఖానఖా ఉంది. హజ్‌కు వెళ్లే మధ్య ఆసియా దర్వేషులు దిగే చోటు. దాని షేఖ్ ఇబ్రహీం ఎద్‌హెమ్ ఎఫెండీ వడ్రంగం, కమ్మరం, అచ్చు పని, యంత్రాలు అన్నీ తెలిసిన మనిషి. ఎబ్రూ మాత్రం తండ్రి సాదిఖ్ ఎఫెండీ నుంచి వచ్చింది. ఆ తండ్రి బుఖారాలో నేర్చుకున్నారు. అప్పటికే ఇస్తాంబుల్‌లో ఈ పని సరిగ్గా తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. యూరప్ నుంచి అచ్చు కాగితం చవగ్గా దిగుతోంది, చేత్తో చేసేది ఎవరికి కావాలి? ఆ రోజుల్లో యువకుడు నజ్ముద్దీన్ ఖానఖా మెట్లెక్కి షాగిర్దుగా చేరారు. షేఖ్ 1904లో కన్నుమూశారు. అప్పటికి నజ్ముద్దీన్‌కు 21 ఏళ్లు. నేర్చుకోవడానికి దొరికిన కాలం కొద్దిదే.

ఆ కొద్దికాలంలో ఏం నేర్చుకున్నారో అర్థం కావాలంటే పని ఎలా సాగుతుందో తెలియాలి. ఒక లోతు తక్కువ పళ్లెం. అందులో నీళ్లు, ఉత్త నీళ్లు కాదు. రంజాన్‌లో మనం షర్బత్‌లో వేసుకునే గోంద్ కతీరా లాంటి జిగురును నానబెట్టి, గుడ్డలో వడకట్టి, పల్చటి మజ్జిగలా తయారు చేసిన నీళ్లు. టర్కీలో ఆ జిగురును కిత్రె అంటారు. దాని మీద కుంచెతో రంగు చినుకులు చల్లుతారు. చినుకు పడగానే గుండ్రంగా పరుచుకుంటుంది. మీద ఇంకో రంగు చల్లితే మొదటిది పక్కకు జరిగి చోటిస్తుంది. పుల్లతోనో దువ్వెనతోనో వాటిని కదిలించి, మీద కాగితం పరిచి, మెల్లగా ఎత్తితే రంగంతా కాగితానికి వచ్చేస్తుంది. ఒక పళ్లెం మీది బొమ్మ ఒక్క కాగితానికే. మళ్లీ అలాంటిది రాదు. ఉస్మానీ దఫ్తరుల్లో ముఖ్యమైన పత్రాలకు లేత ఎబ్రూ కాగితం వాడటానికి ఇదే కారణమని చెబుతారు. ఎవరైనా గీకి అంకె మార్చితే కింద రంగు పట్టించేస్తుంది. మన దగ్గర పాత ఖాతా పుస్తకాల అంచులకు మబ్బు రంగులు అద్దిన సంగతి లెక్కల పనిలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడా కారణం ఇలాంటిదే, మధ్యలో పేజీ చింపితే అంచున తెలిసిపోతుంది.

చూడటానికి అంతే. కానీ ఏ రంగు పడితే ఆ రంగు ఈ నీళ్ల మీద నిలవదు. నీళ్లలో కరిగే రంగు పనికిరాదు, చినుకు పడగానే కరిగి పళ్లెం మొత్తాన్ని మురికి చేస్తుంది. నూనె కలిసిన రంగు అసలే పనికిరాదు. కావలసింది కరగని పొడి. మట్టి, రాయి, మసి లాంటివి. అందుకే ఎద్‌హెమ్ ఎఫెండీ దగ్గర మొదటి పాఠం బొమ్మ వేయడం కాదు, రంగు ఎంచడం, ఎంచాక నూరడం. పాలరాతి పలక మీద పొడి వేసి, కాస్త నీళ్లు చిలకరించి, పొత్రం లాంటి చేతిరాయితో గంటల తరబడి నూరాలి. పలుకు తగిలితే అయిపోలేదన్నమాట. సరిగ్గా నలగని రంగు తేలినట్టే తేలి, కాగితం వేసేలోపు అడుగుకు దిగిపోతుంది.

ఆ రంగుల పేర్లు వింటే మనకు ఇంటి మాటల్లా ఉంటాయి. నలుపుకు దీపపు మసి. ఎరుపుకు గుల్‌బహార్ అనే ఇనుము కలిసిన ఎర్రమట్టి. ముదురు ఎరుపుకు లక్క నుంచి తీసిన రంగు. లాడ్ బజార్ గాజుల లక్క ఏ పురుగు పెడుతుందో ఆ పురుగే ఈ రంగూ ఇస్తుంది. గోధుమ రంగుకు ఎక్కడికీ పోనక్కర్లేదు, ఉస్కుదార్ పక్కనే చామ్‌లిజా కొండ మట్టి తవ్వి తెచ్చుకుంటే చాలు. పసుపుకు హరిదళం, టర్కీలో జిర్నిఖ్ అంటారు. తెలుపుకు సీసం పొడి. నీలానికి మాత్రం హిందుస్తాన్ నుంచి వచ్చే నీలిమందే కావాలి. ఇస్తాంబుల్ అత్తరు దుకాణాల్లో దాని పేరు లాహోర్ నీలి. నీలిమందు మన కడప వైపు కూడా ఒకప్పుడు విస్తారంగా పండిన పంటే. ఆకుపచ్చను విడిగా కొనేవారు కాదు. హరిదళం, నీలిమందు కలిపితే అదే వచ్చేది.

హరిదళంలో పాషాణం ఉంటుంది, తెల్లపొడిలో సీసం. రెండూ ఒంటికి విషమే. అందుకే ఇప్పటి ఉస్తాదులు వాటిని పక్కన పెట్టి వేరే పసుపు, వేరే తెలుపు వాడుతున్నారు. పాత పద్ధతి కదా అని ఎవరూ ఇంట్లో వాటిని నూరకూడదు.

ఇక అసలు కిటుకు. నూరిన రంగులో ఎద్దు పిత్తరసం కలుపుతారు. పశువును కోసినప్పుడు తీసిన పిత్తాన్ని వేడి నీటి గిన్నెలో పెట్టి కాచి వాడతారు. ఈ పిత్తరసమే రంగును నీటి మీద పరుస్తుంది, మునగనివ్వదు, పక్క రంగులో కలవనివ్వదు, కాగితానికి పట్టుకునేలా చేస్తుంది. అయితే ఎంత? దానికి గరిటె లెక్క లేదు. ముందు చల్లే రంగుకు తక్కువ, తర్వాత చల్లేదానికి ఇంకాస్త ఎక్కువ. లేకపోతే వెనుక వచ్చిన రంగుకు ముందున్నదాన్ని తోసి చోటు చేసుకునే బలం ఉండదు. మసి తేలికది, ఊరికే పరుచుకుంటుంది. మట్టి బరువైంది, దానికి లెక్క వేరు. ఎండాకాలం లెక్క వేరు, చలికాలం లెక్క వేరు. ప్రతి రంగునూ పళ్లెం మీద ఒక చుక్క వేసి చూసుకోవడమే దారి. నజ్ముద్దీన్‌కు ఆ ఓపిక ఉంది. కుంచె కూడా ఇంట్లోదే, గులాబీ కొమ్మకు గుర్రపు తోక వెంట్రుకలు కట్టింది. గులాబీ కొమ్మ తడికి తొందరగా పాడవదని ఈ పనివాళ్ల నమ్మకం. గులాబీ కొమ్మలకు ఆయన తోటలో కొదవేముంది?

తండ్రి తర్వాత ఆయన కూడా యెనీ వాలిదే మసీదులో ఇమామ్ అయ్యారు. సుమారు నలభై ఏళ్లు ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఐదు పూటలా నమాజు చదివించడం, మధ్యలో రంగు నూరడం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఖత్ నేర్పడానికి ఇస్తాంబుల్‌లో మద్రసతుల్ ఖత్తాతీన్ తెరిచినప్పుడు ఎబ్రూ, కాగితపు పూత నేర్పే ఉస్తాదుగా ఆయన్నే పిలిచారు.

ఆయన పేరు నిలబెట్టిన పని అక్కడి రోజుల్లోనే జరిగింది. అప్పటిదాకా ఎబ్రూ అంటే మబ్బులు, అలలు, దువ్విన గీతలు. 18వ శతాబ్దంలో అయాసోఫియా ఖతీబు మహ్మద్ ఎఫెండీ ఒక అడుగు ముందుకేసి, చుక్కలో చుక్క వేసి సూదితో లాగి నక్షత్రాలు, ఆకుల ఆకారాలు తీశారు. ఆయన 1773లో ఇంటికి నిప్పంటుకుని చనిపోయారు. నీటి మీద పువ్వు కోసం కొందరు ప్రయత్నించారు గానీ, చూడగానే ఇది ఫలానా పువ్వు అనేలా రాలేదు. యుద్ధం ముగిసే రోజుల్లో నజ్ముద్దీన్ దాన్ని సాధించారు. తులిప్, కార్నేషన్, సుంబుల్, గసగసాల పువ్వు, చామంతి. గులాబీని మొగ్గగా వేశారు.

ఇందులో ఆయన చెయ్యి ఎంత గొప్పదో, రంగు మీద పట్టూ అంతే గొప్పది. మామూలు ఎబ్రూలో చినుకు ఎంత పరుచుకుంటే అంత అందం. పువ్వులో అలా కాదు. ముందు లేత రంగులతో నేల వేయాలి. దాని మీద ఆకుపచ్చ చుక్క పెట్టి, దాన్ని సూదితో కిందికి లాగితే కాడ, పక్కకు లాగితే ఆకు. కాడ చివర ఎర్ర చుక్క. ఆ చుక్క పెట్టిన చోటే ఉండాలి, అనుకున్నంతే పెరగాలి. పిత్తం ఎక్కువైతే పువ్వు పళ్లెమంతా పాకుతుంది. తక్కువైతే నేల రంగు దాన్ని నొక్కేస్తుంది, లేదా మునిగిపోతుంది. రంగు చిక్కగా ఉండాలి గానీ బరువెక్కకూడదు. ఆయనకంటే ముందు ప్రయత్నించినవాళ్లకు పువ్వు రాకపోవడానికి గీత రాకపోవడం ఒక్కటే కారణమనుకోనక్కర్లేదు. అలా పట్టులో ఉండే రంగు తయారు చేయడం అంతకంటే కష్టం. టర్కీలో ఈ పూల ఎబ్రూకు ఇప్పటికీ ఆయన పేరే పెట్టి నెజ్మెద్దీన్ ఎబ్రూసు అంటారు.

ఖత్‌ను కూడా పళ్లెంలోకి తెచ్చారు. తుమ్మజిగురు లాంటి అరబ్బీ జిగురును సిరాగా చేసుకుని కాగితం మీద రాసి, ఆరనిచ్చి, అప్పుడు పళ్లెం మీద పరిచేవారు. జిగురున్న చోట రంగు పట్టదు. చుట్టూ రంగుల మబ్బులు, మధ్యలో కాగితపు రంగులోనే అక్షరాలు. ఖతాతుడు, రంగులవాడు ఒకే మనిషి కాబట్టి అది కుదిరింది.

ఆ తర్వాతి పదేళ్లు ఆయన నేర్చుకున్న ప్రతిదాన్నీ కుదిపేశాయి. ఉస్మానీ సల్తనత్ పోయింది. 1925లో ఖానఖాలన్నీ మూతపడ్డాయి, ఆయన రంగు నూరడం నేర్చిన ఉజ్బెకుల ఖానఖా కూడా. 1928లో టర్కీ ప్రభుత్వం అరబ్బీ లిపిని తీసేసి లాటిన్ లిపి పెట్టింది. ఒక్క చట్టంతో కాతిబులు, ఖతాతులు పని లేనివాళ్లయ్యారు. పూత పెట్టిన కాగితం ఎవరికి? మిసాలెకు అంచుగా వేసే ఎబ్రూ ఎవరికి? జిల్దు కట్టడానికి పాత లిపి పుస్తకాలు కొత్తగా రావు. ఆయనకు అప్పటికి 45 ఏళ్లు. తెలిసిన విద్యలన్నీ ఒకదానికొకటి కట్టుకుని ఉన్నవే, మొదటి ముడి విప్పేశారు.

పువ్వు ఇక్కడ అక్కరకొచ్చింది. ఎబ్రూ అప్పటిదాకా రాతకు సేవకురాలు. కింద పరచడానికి, చుట్టూ అతకడానికి, అట్టకు వేయడానికి. పూల ఎబ్రూకు రాత అక్కర్లేదు, గోడకు అదే బొమ్మ. లిపి పోయిన దేశంలో కూడా దాన్ని నేర్పొచ్చు, చూపొచ్చు. మద్రసా పోయాక దాని స్థానంలో వచ్చిన తూర్పు అలంకార కళల పాఠశాలలో ఆయన కొనసాగారు. 1936లో ఆ విభాగాన్ని ఇస్తాంబుల్ లలితకళల అకాడమీలో కలిపారు. 1948లో రిటైరయ్యేదాకా అక్కడే నేర్పారు. 1934లో అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం వస్తే, విలుకాడైన ఇమామ్ సాబ్ ఒక్యాయ్ అని పెట్టుకున్నారు. ఒక్ అంటే బాణం, యాయ్ అంటే విల్లు.

ఇంట్లో మాత్రం దెబ్బ తగిలింది. కొడుకులు సామీ, సాజిద్‌లకు ఆయనే ఎబ్రూ, జిల్దు పని నేర్పారు. పెద్దవాడు సామీ చేతిలో నైపుణ్యం ఉందని అందరూ అనుకునేవారు. అతను 1933లో, నిండు యవ్వనంలో చనిపోయాడు. తన ఉస్తాద్ సామీ ఎఫెండీ పేరే కొడుక్కీ. సాజిద్ తర్వాత తండ్రి పనిని అకాడమీలో కొనసాగించారు.

విద్య అసలు దారి మాత్రం ఇంకో చోట దొరికింది. 1938లో అకాడమీలో ఒక కుర్రాడు చేరాడు, ముస్తఫా దూజ్‌గూన్‌మాన్. వాళ్లమ్మకు నజ్ముద్దీన్ మేనమామ. 1920లో ఉస్కుదార్‌లోనే పుట్టినవాడు, ఇమామ్ ఇంటి పిల్లవాడు. వాళ్లది అత్తరు దుకాణం. అత్తరు దుకాణమంటే సెంటు సీసాలు మాత్రమే అనుకోవద్దు. మూలికలు, మసాలాలు, జిగురు, రంగు పొడులు అన్నీ అక్కడే. కుర్రాడికి పొడి వాసన, బరువు, కల్తీ చిన్నప్పటి నుంచే తెలుసు. ఇంతకంటే తగిన షాగిర్దు దొరకడం కష్టం. నజ్ముద్దీన్ పెద్దరికం చూపి దాచుకోలేదు, తెలిసిందంతా చెప్పారు. 

రిటైరయ్యాక కూడా ఉస్కుదార్ ఇంటికి వచ్చేవాళ్లు తగ్గలేదు. సంతకం లేని పాత ఖత్ తెచ్చి చూపిస్తే ఇది ఫలానా ఉస్తాద్ చెయ్యి అని చెప్పేసేవారు. గులాబీ తోట ఉంది, పళ్లెం ఉంది. చూపు తగ్గి, చెయ్యి వణికే వయసులో ఆయన 1976 జనవరి 5న కన్నుమూశారు. ఉస్కుదార్‌లోని కరజాఅహ్మద్ ఖబ్రస్తాన్‌లో ఖననం చేశారు.

ఆయన షాగిర్దు ముస్తఫా దూజ్‌గూన్‌మాన్ పూల వరుసలో డెయిజీని చేర్చారు. ఉస్తాద్ పద్ధతిలో ఒక్క రంగూ మార్చకూడదని పట్టుబట్టేవారని పేరు. 1990లో పోయేదాకా ఎందరికో నేర్పారు. ఇప్పుడు ఇస్తాంబుల్‌లో పేరున్న ఎబ్రూ ఉస్తాదుల్లో చాలామంది ఇజాజత్ వరుస పైకి వెళితే ఆయన దగ్గరికీ, ఆయన నుంచి యెనీ వాలిదే ఇమామ్ దగ్గరికీ, అక్కడి నుంచి గుట్ట మీది ఖానఖాకూ చేరుతుంది. 2014లో యునెస్కో ఎబ్రూను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ముస్తఫా మాత్రం చివరిదాకా ఉస్కుదార్ అత్తరు వ్యాపారిగానే బతికారు. పగలు దుకాణంలో పొడులు తూచడం, మిగిలిన వేళల్లో వాటినే పాలరాతి మీద నూరడం.